మామిడి షెడ్డులో బగ్గీ

మైలవరంలో మా ఇంటి వెనక షెడ్డులో ఎండాకాలం చిన్నరసాల ట్రేలుండాలి. ఆ ఏడాది నా పైపులున్నాయి. ఇంజినీరింగ్ స్టూడెంట్లు సొంతంగా బగ్గీ చేసి దిగే బాహా ఎస్‌ఏఈ పోటీ కోసం. ఛాసిస్ మెయిన్ పైపు స్టీల్లో కార్బన్ కనీసం 0.18 శాతం ఉండాలని రూలు. 25 మిల్లీమీటర్ల పైపైతే మందం 3 మిల్లీమీటర్లు. గేట్లకి వాడే పైపు పనికిరాదు. కాపు డబ్బుల్లోంచి నాన్నే కొనిచ్చారు, ఎందుకని కూడా అడక్కుండా.

నేనేమో తొందరపడ్డా. ముందు అన్ని జాయింట్లకీ ట్యాక్ వేసుకుని, అటోటి ఇటోటి మారుస్తూ వెల్డ్ చేయాలి. ఒక పక్క మొత్తం లాగించేశా. చల్లారేసరికి ఫ్రేమ్ మెలి తిరిగింది. మూలకి మూల టేపు పట్టి చూస్తే 11 మిల్లీమీటర్లు తేడా! పెయింట్ వేస్తే ఎవరికీ కనబడదు అనుకున్నా, నిజం చెప్పాలంటే.

నాన్న వంగి చూశారు.

"ఇందులో కూర్చునేది ఎవర్రా?"

"నేనే."

"అయితే కోసెయ్" అని గ్రైండర్ ప్లగ్గు పెట్టారు.