ఫోన్ ఇచ్చింది మనమే, ఆట నేర్పాల్సిందీ మనమే



సంక్రాంతి సెలవులకి హాస్టళ్ల నుంచి మా గూడెం వెళ్ళాం. మా చిన్నప్పుడు సాయంత్రమైతే చింతచెట్టు కింద ఏడుపెంకులాట, కర్రాబిళ్ళ, కోతికొమ్మచ్చితో ఒకటే గోల. ఈసారి అదే చెట్టు కింద పదిమంది పిల్లలున్నా చప్పుడే లేదు. సిగ్నల్ అందేది అక్కడొక్కచోటే. అందరూ ఒకే ఫోన్ మీదకి వంగి కూర్చున్నారు.

తిడదామనుకున్నాం. కానీ 2020లో బడులు మూసేసినప్పుడు ఆన్‌లైన్ క్లాసులకని అమ్మానాన్నల చేత అప్పు చేయించి ఫోన్లు కొనిపించింది మేమే. ఇప్పుడు సెలవులకొచ్చి వాళ్ళ ముందు రీల్స్ చూసేదీ మేమే. ఇక వాళ్ళనేమంటాం?

అందుకే మా ఫోన్లు సంచిలో పడేసి పెంకులు పేర్చాం. మొదట ఒక్కడే వచ్చాడు. పొద్దుగూకేసరికి అందరూ వచ్చేశారు. కర్రాబిళ్ళ ఎలా కొట్టాలో చాలామందికి తెలీదు. ఒక తాత అరుగు దిగొచ్చి నేర్పాడు. మేం నేర్పకపోతే ఆ ఆట ఆయనతోనే ఆగిపోయేదని అప్పుడు తెలిసింది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజూ సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మన గిరిజన బిడ్డే. కొండలు మనకి కొత్త కాదు కదా!

ఫోన్ వద్దనట్లేదు. చదువుకి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకి అది కావాలి. కానీ "పోయి ఆడుకోండి" అంటే పిల్లలు కదలరు. మనం ముందు దిగాలి. ఈ వేసవికి మీ ఊళ్ళో పెంకులు మీరే పేర్చండి.