లండన్‌కెళ్లిన సీతమ్మ పటం

రావులపాలెం దాటి కొత్తపేట, అంబాజీపేటల మీదుగా వెళ్తుంటే దారికి రెండువైపులా కొబ్బరితోటలే. పి.గన్నవరం దగ్గరకొచ్చేసరికి ఆ పచ్చదనం కాస్త పక్కకు జరిగి వైనతేయ గోదావరికి చోటిస్తుంది. అక్కడే ఓ చిత్రం కనిపిస్తుంది. కింద నది, దానిమీద కాలువ! కాటన్ దొర హయాంలో, 1850ల్లో 49 ఖానాలతో కట్టిన అక్విడెక్టు అది. రాజోలు వైపు లంకభూములకు గోదావరి నీళ్లు ఆ దారినే వెళ్లాయి. దానికి వయసు మీద పడటంతో పక్కనే కొత్తది కట్టి, 2000లో ప్రారంభించారు. దానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మ. అవతలి చేలకు నీళ్లు మోసే వంతెనకు, నది దాటొచ్చిన వాళ్ల ఆకలి తీర్చిన ఇల్లాలి పేరు!

పక్కనే ఉన్న లంకల గన్నవరమే ఆమె మెట్టినూరు. ఆ ఊరిని తలచుకుంటే కోనసీమ వాసులకు ఓ పటం కథ కూడా గుర్తొస్తుంది. సముద్రాలు దాటి వెళ్లి, మళ్లీ ఊరి ముఖం చూడని పటం అది.

బువ్వన్న కూతురు

సీతమ్మ 1841లో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం. అడిగినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ను ‘బువ్వన్న’ అనేవారట. ఓసారి ఆ ఇంట భోజనానికి ఆగిన డొక్కా జోగన్న పంతులు, సీతమ్మ అతిథి మర్యాదలు చూసి ముచ్చటపడి పెళ్లాడాడని చెబుతారు.

అప్పట్లో కోనసీమలో ప్రయాణమంటే కాలినడక, పడవ. రేవులో ఆలస్యమైతే పూట గడిచిపోయేది. చేతిలో పిల్లలు, కడుపులో ఆకలి. అలాంటి వాళ్లందరికీ గన్నవరంలో ఓ గడప ఉండేది. వేళ ఏదని గానీ, కులం ఏదని గానీ ఆ గడపలో ఎవరూ అడిగేవారు కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి రాజేసి వండిపెట్టేదామె.

ఓసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరిందట. దారిలో ఓ బృందం ఎదురైంది. ఆకలితో మారాం చేస్తున్న పిల్లల్ని ‘ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు’ అని పెద్దలు సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరింది. స్వామి దర్శనం అలా ఆగిపోయింది!

రాజుగారి పక్కన కుర్చీ

ఆమె పేరు తెల్లదొరల దాకా వెళ్లింది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి గుర్తుగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ సందర్భంలోనే సీతమ్మకు ప్రభుత్వం తరఫున ప్రశంసాపత్రం అందింది.

పటం కథ కూడా ఆ రోజులదే. చక్రవర్తి వేడుకకు ఆమెను పిలిస్తే రానందట. ‘నేను వెళ్తే ఇక్కడికొచ్చే వాళ్లకు అన్నం ఎవరు పెడతారు?’ అన్నది ఆమె ప్రశ్న. పోనీ ఫొటో అయినా పంపమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. పేరు కోసం పెడుతున్నానా అని బాధపడింది. ఫొటో తీసుకెళ్లకపోతే తన ఉద్యోగానికి ముప్పని అధికారి ప్రాధేయపడ్డాకే తలూపిందట. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టినట్టే, ఇరుకున పడ్డవాడికి తన రూపం ఇచ్చింది. ఆ ఫొటోను పెద్దది చేయించి, వేడుకలో కుర్చీమీద ఉంచి చక్రవర్తి నమస్కరించాడని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

రాజు కుర్చీ వేసింది ఆమె పటానికి. ఆమె మాత్రం ఆ వేళకు ఏ బాటసారికో పీట వేస్తూ ఉండి ఉంటుంది.

ఎవరి పటం వారిది

సీతమ్మ 1909లో కన్నుమూసింది. లండన్ వేడుకలోని పటాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఎవరుంటారు? అయినా అడిగితే ప్రతి ఒక్కరూ దాన్ని చూసినట్టే వర్ణిస్తారు. ఒకరి మాటల్లో ఆమె చేతిలో గరిటె ఉంటుంది, మరొకరి మాటల్లో విస్తరాకుల కట్ట. పటం కనుమరుగైన చోట తలా ఒక పటం గీసుకున్నారు. అన్నం పారేస్తున్న పిల్లవాడికి ఇంటి పెద్దవాళ్లు చూపించేది ఆ పటాన్నే.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. ఫొటో అంటేనే మొహమాటపడిన మనిషికి ఇది నచ్చేదో లేదో! పంక్తిలో చివరి పిల్లవాడి కంచంలో కూడా అన్నం వేడిగా పడిందని తెలిస్తే మాత్రం తప్పకుండా సంతోషించేది.