నీటి మీద ముద్ర

టిబెట్‌లోని లాసా నది ఇది. 1996లో బీజింగ్ కళాకారుడు సోంగ్ డోంగ్ ఇందులోకి దిగి కూర్చున్నాడు. చేతిలో పెద్ద చెక్క ముద్ర. దాని మీద చెక్కింది ఒకటే చైనా అక్షరం: ‘నీరు’.

చైనాలో అందంగా అక్షరాలు రాశాక చివర్లో ఎర్రటి ముద్ర వేస్తారు, ఇది నాదీ అని. సోంగ్ డోంగ్ గంటసేపు నదికే ముద్ర వేశాడు. ఒక్క గుర్తూ పడలేదు! మిగిలినవి 36 ఫొటోలు.

చిన్నప్పుడు సిరా, కాగితం ఖర్చవుతాయని వాళ్ల నాన్న నీళ్లతోనే అక్షరాలు దిద్దించారట. ఆరిపోతే మళ్లీ రాయడమే. ఆ అలవాటే ఇక్కడిదాకా తెచ్చింది.

ఫొటోల్లో నీటి చుక్కలు గాల్లోనే ఆగిపోయాయి. నది మాత్రం ఎప్పుడో వెళ్లిపోయింది. లాసా వెళ్తే ఫొటో తీసుకోండి, తప్పులేదు. కానీ ముందు ఓసారి నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి.