తాళం ఎవరి కోసం?

చెకిన్ లగేజీకి తాళం ఎందుకు వేస్తారండీ అని అడిగితే ఎవరైనా దొంగల భయానికనే చెప్తారు. సరే, ఓ జిప్పు సూట్‌కేసూ ఓ బాల్‌పెన్నూ పెట్టుకుని కూర్చోండి. జిప్పు పళ్ళ మధ్య పెన్ను మొన పెట్టి గట్టిగా పొడిస్తే జిప్పు నోరు తెరుస్తుంది. పని అయిపోయాక, తాళంతో కట్టేసి ఉన్న రెండు రన్నర్లనీ కలిపి ఆ చివర్నుంచి ఈ చివరికి లాగితే పళ్ళు మళ్ళీ కలిసిపోతాయి. తాళం మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంటుంది. మూడంకెల నంబరు పుట్టినరోజు పెట్టుకున్నామా, ఇంకేదన్నా పెట్టుకున్నామా అన్నది లెక్కలోకే రాదు.

మాది ముదినేపల్లి. హైదరాబాద్ వెళ్ళాలంటే గుడివాడ వచ్చి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం చిన్నప్పటి అలవాటు. ఎక్కగానే నాన్న చేసే మొదటి పని, కింది బెర్తు అడుగున ఉండే రింగులోంచి గొలుసు దూర్చి సామాన్లన్నీ కలిపి తాళం వెయ్యడం. ఆ గొలుసంటే నాకు గౌరవమే. రైల్లో దొంగకి పెట్టె తెరిచే తీరిక ఉండదు, పెట్టెకి పెట్టే ఎత్తుకుపోతాడు. పైగా సొంతదారు ఆ బెర్తు మీదే పడుకుని ఉంటాడు. (ప్రయాణికుడి దగ్గరున్న సొత్తు పోతే అది రైల్వే సేవాలోపం కాదని 2023లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది కాబట్టి ఆ గొలుసు పారెయ్యకండి.) విమానంలో సంగతి వేరు. పెట్టె బెల్టు మీద వెళ్ళిపోయాక ఇరవై పైచిలుకు గంటలు మన కంటికి కనపడదు, ఎవరెవరి చేతులో మారుతుంది. మన భాషలో చెప్పాలంటే థ్రెట్ మోడల్ మారిపోయింది, మనం మాత్రం పాత ప్యాచే వేసుకుంటున్నాం.

అమెరికా వెళ్ళే పెట్టెలతో ఇంకో తమాషా. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత పుట్టిన టీఎస్ఏ, అక్కడి విమానాశ్రయాల్లో ఎక్కే ప్రతి చెకిన్ పెట్టెనీ 2003 నుంచి తనిఖీ చేస్తోంది. అనుమానం వస్తే తెరుస్తుంది, తాళం అడ్డమొస్తే కోసేస్తుంది. దానికి విరుగుడుగా అదే ఏడాది ఎర్ర వజ్రం గుర్తున్న తాళాలు వచ్చాయి. నంబరు మన దగ్గర, మాస్టర్ కీ వాళ్ళ దగ్గర. అంటే డబ్బులిచ్చి మరీ బ్యాక్‌డోర్ కొనుక్కుంటున్నామన్నమాట! 2014లో వాషింగ్టన్ పోస్ట్ కథనంతో పాటు ఆ మాస్టర్ కీల ఫోటో బయటికొచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌కల్లా ఫోటో ఆధారంగా తయారుచేసిన త్రీడీ ప్రింటర్ ఫైళ్ళు గిట్‌హబ్‌లో ఉన్నాయి. ఫోటోలో లేని ఇంకో కంపెనీ తాళంచెవిని 2016లో తాళాలనే విప్పి చూసి చేసేశారు. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం, లక్షల పెట్టెలకి అతుక్కుపోయిన తాళాల్ని ఎవరు మారుస్తారు? ఇందులో విచిత్రం, 2015 జూలైలోనే డిఫీ, రివెస్ట్ లాంటి క్రిప్టోగ్రఫీ పెద్దలు ఎన్‌క్రిప్షన్‌లో ప్రభుత్వాలకి దొడ్డిదారి పెట్టొద్దని ఓ నివేదిక రాశారు. పేరు 'కీస్ అండర్ డోర్‌మ్యాట్స్'. గుమ్మం పక్క గూట్లో తాళంచెవి పెట్టి పొలం వెళ్ళడం లాంటిదే.

ఈ పాండిత్యమేదీ మా అమ్మ ముందు పనిచెయ్యలేదు. అక్క పురుటికని కొలంబస్ బయల్దేరింది. ఒక్కతే, మొదటిసారి. దోహాలో ఒకసారి, చికాగోలో ఒకసారి విమానం మారాలి. రెండు పెట్టెల్లో ఆవకాయ, సున్నుండలు, కారప్పొడి సర్దడం అయ్యాక, చీర మడతల్లోకి అమ్మమ్మ కాసులపేరు చేరింది. బారసాలకి వేసుకుని తిరిగి తెచ్చుకుంటుందట.

"అమ్మా, అది చేతిసంచీలో పెట్టుకో."

"సంచీ పక్కన పెట్టి కునుకు తీస్తేనో? పోయిందని చెప్పుకోడానికి నాకు ఇంగ్లీషు కూడా రాదు. పెట్టెకైతే తాళం ఉంది కదరా."

ఆవిడ భయం అబద్ధం కాదు. అందుకే లెక్క చెప్పాను. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం (మన దేశం 2009లో చేరింది) లగేజీ మొత్తం పోయినా విమానం వాళ్ళ బాధ్యత 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్. సుమారు రెండు వేల డాలర్లు. పెట్టెలు రెండైనా మనిషికి ఇంతే. దానికి రెండు కాసులు రావడం కూడా కష్టం. పైగా నగలూ నగదూ చెకిన్‌లో పెట్టొద్దని టికెట్ నిబంధనల్లో ముందే రాసుకుంటారు.

అమ్మని ఒప్పించింది లెక్క కాదు, నాన్న. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. "ఇన్సూర్డ్ పార్సిలుకి లక్క సీలు వేసేది ఎవరూ తెరవకుండా ఉంటానికి కాదు. తెరిస్తే తెలియటానికి. తాళమైనా అంతే. నువ్వు కాసులపేరు ఒంటిమీదే ఉంచుకో" అన్నారు. కాసులపేరు ఓ గుడ్డసంచీలోకి, గుడ్డసంచీ అమ్మ భుజానికి అడ్డంగా వేసుకునే బ్యాగు లోపలి జేబులోకి వెళ్ళి, పిన్నీసుతో బిగిసింది. తోడుగా ఉంటారని వీల్‌చైర్ సహాయం అడిగి పెట్టాం.

పెట్టెలకి నాన్న సూత్రమే. రన్నర్లు రెంటినీ పక్క హ్యాండిల్‌కి కలిపి ఎర్ర కేబుల్ టైతో బిగించాం. రన్నర్లు కదలకపోతే పెన్నుతో తెరిచిన జిప్పు మళ్ళీ మూసుకోదు, గుట్టు బయటపడుతుంది. మూసేముందు పైనుంచి రెండు ఫోటోలు, మూశాక ఒకటి, తూకం అంకె కనపడేలా ఇంకొకటి. అక్క అడ్రసు పైనా లోపలా.

ఒక పెట్టె టై తెగి వచ్చింది. లోపల తనిఖీ చేశామని టీఎస్ఏ వాళ్ళ కాగితం. సున్నుండల డబ్బా మూత వదులుగా ఉంది (స్కానర్‌కి అవి ఏమని కనిపించాయో మరి!). అక్క ఫోటోలు పక్కన పెట్టుకుని అరగంటలో సరిచూసి, ఏమీ పోలేదని చెప్పింది. తాళం ఉన్నా లేకపోయినా ఆ పెట్టె తెరిచేవాళ్ళే. ఏదైనా పోయుంటే చూపించడానికి మా దగ్గర రుజువుంది, అదీ తేడా.

అసలు తెరవబుద్ధి పుట్టించే సరుకు పెట్టకపోవడం ఇంకా మేలు. పవర్‌బ్యాంకులు చెకిన్‌లో పెట్టనివ్వరు, చేతిసంచీలోనే. ఎండుకొబ్బరి కూడా వద్దు, తనంతట తాను వేడెక్కే సరుకుల జాబితాలో ఉంది.

పెట్టె చిరిగినా, లోపలిది పోయినా ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఆలస్యంగా వస్తే, చేతికొచ్చిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు. ఇరవై ఒక్క రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్కేసి పరిహారం అడగొచ్చు. ఇవన్నీ తర్వాతి సంగతి. బెల్టు దగ్గర తేడా కనపడితే ఇంటికెళ్ళి చూద్దాంలే అనుకోకుండా, అక్కడి కౌంటర్లోనే రిపోర్టు రాయించి, దాని నంబరు తీసుకున్నాకే హాల్లోంచి బయటికి రండి.