ఖాళీల లెక్క

మా తమ్ముడు అమెరికాలో ఉండగా, 1996లో, నాన్నగారి శతకాన్ని నకలు ప్రతి చూసి ఆర్‌టీఎస్‌లో టైపు చేశాడు. రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్ళు రూపొందించిన, తెలుగును రోమను అక్షరాలలో వ్రాసే పద్ధతి అది. ఆ పాఠాన్నీ, అచ్చుకు కూర్చిన పుటలనూ కలిపి జిప్ ఫైలుగా కుదించి, యూయూఎన్‌కోడ్ చేసి, నాలుగు టపాలుగా యూజ్‌నెట్ వార్తాసమూహానికి పంపాడు. తరువాత పెనుగొలనులోని మా ఇంట వ్రాతప్రతిని చెదలు తినివేశాయి. తమ్ముడూ వెళ్ళిపోయాడు. మిగిలినవల్లా అతని మిత్రుడొకరు దాచి, సీడీలో పంపిన ఆ నాలుగు టపాలే.

తెరచి చూస్తే అది ఏ భాషా కాదు. వరుసల నిండా గుర్తులు, అంకెలు, పెద్దబడి అక్షరాలు! చదివి తెలుసుకున్నది ఇది. ఆనాటి తపాలా యంత్రాలలో చాలావాటికి మామూలు అక్షరాలు తప్ప మరొకటి సాగేది కాదు. అందుచేత ఫైలులోని మూడేసి బైట్లను నాలుగేసి అక్షరాలుగా మార్చి పంపేవారు. నిండు వరుసలో 45 బైట్లకు 60 అక్షరాలు. వరుస కొలతను తెలిపే 'ఎమ్' ముందు నిలిచి, మొత్తం 61. తాటాకు ప్రతులకు శ్రీరస్తు, శుభమస్తు వలె దీనికీ 'బిగిన్', 'ఎండ్' ఉన్నాయి.

టపాల తలకట్లు తొలగించి, నాలుగు భాగాలనూ వరుసగా అతికించి విప్పబోతే, జిప్ ఫైలు చెడిపోయిందన్నది కంప్యూటరు. ఏం చేయను? జీవితమంతా గణాలు లెక్కించినవాణ్ణి. వరుసలు లెక్కపెట్టసాగాను. కొన్నింటిలో 60, కొన్నింటిలో 59 మాత్రమే వచ్చాయి. కారణం విచిత్రం. ఈ పద్ధతిలో సున్నాకు గుర్తు ఖాళీ. వరుస చివరి ఖాళీలను వ్యర్థమనుకొని నడుమ ఏదో యంత్రం తుడిచివేసింది. ఈ బాధ తప్పించడానికే కొన్ని ప్రోగ్రాములు ఖాళీకి బదులు వెనుకకు వాలిన కొటేషను గుర్తును వాడాయట. మా తమ్ముడి ప్రోగ్రాము వాడలేదు.

మూడు సాయంత్రాలు కూర్చొని, కొరవడిన వరుసల చివర ఖాళీలు చేర్చి 61 పూర్తి చేశాను. ఈసారి జిప్ విప్పుకొంది. లోపల దాచిన సరిచూపు సంఖ్య కూడా కుదిరింది. నాన్నగారి పద్యాలు తెరమీదికి వచ్చాయి. చాలాసేపు చదవలేకపోయాను.

అయితే ఒక ఉత్పలమాలలో మూడవ పాదం స్థానంలో చుక్కలున్నాయి. తమ్ముడు చూసిన నకలులోనే అది చిరిగిపోయి ఉండాలి. అక్కడ ఇరవై అక్షరాలుండాలని తెలుసు. ప్రాసనుబట్టి రెండవది దకారమనీ తెలుసు. మొదటిదానికీ పదవదానికీ యతిమైత్రి కుదరాలనీ తెలుసు. పూరించడం నాకు కష్టం కాదు. ఒకటి రెండుసార్లు కలం పట్టాను కూడా.

కాని యంత్రం తుడిచిన ఖాళీ వేరు, నాన్నగారి మాట పోయిన ఖాళీ వేరు. మొదటిది లెక్కకు దొరికింది. రెండవదాన్ని తమ్ముడు పెట్టిన చుక్కలతోనే ఉంచాను.