బాణం ఎవరి బల్ల మీద ఆగుతుంది?

కార్యాలయాల్లో పని ఏ బల్ల నుంచి ఏ బల్లకు నడుస్తుందో బొమ్మగా గీయడం నా వృత్తి. గడులు పనులకు, బాణాలు వాటి నడకకు, డైమను ఆకారాలు నిర్ణయాలకు గుర్తులు. ఒక్కొక్కరి పని ఒక్కొక్క వరుసలో, ఈతకొలనులో తాళ్ళు కట్టి విడదీసినట్టు ఉంటుంది. అందుకే ఆ వరుసలను స్విమ్‌లేన్లు అంటారు. (మన ఫైళ్ళు వాటిలో ఈదుతాయో, మునుగుతాయో వేరే సంగతి.) ఇలాంటి పటాన్ని గోడ మీద పరిచినప్పుడు సమావేశంలో ఒక మర్యాద పాటిస్తారు: అర్థమైనా కాకపోయినా తల పంకించి సంతకం చేస్తారు. ఆ సంతకాన్ని నమ్మి ప్రోగ్రాములు రాస్తారు. ఆపైన జనం ఆ బాణాల వెంటే తిరగాలి.

1921లో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ప్రాసెస్ చార్టులను ఉంచినప్పుడు వారి ఉద్దేశం సూటిగానే ఉండేది: పనిని మార్చే ముందు అది మొత్తంగా కళ్ళకు కనబడాలి. 2004లో బీపీఎంఎన్ అనే గుర్తుల భాష వచ్చింది. 2011 నాటి దాని రెండో రూపంలో ఒక్క గుండ్రాలకే పదుల కొద్దీ రకాలున్నాయి. అన్నీ వాడితీరాలని ఎవరూ అనలేదు. ఉన్నాయి కదా అని వాడతాం.

2010లో మెండ్లింగ్, రైయర్స్, వాన్ డర్ ఆల్స్ట్ అనే ముగ్గురు పరిశోధకులు ఏడు సూత్రాలు చెప్పారు. గుర్తులు 50 దాటితే పటాన్ని విడగొట్టమన్నది అందులో ఒకటి. అందరూ దీన్నే పట్టుకుని, కాగితం అయిపోయిన చోట పటాన్ని కోసేస్తారు. ఫైలు చేతులు మారే చోట కోస్తేనే ప్రయోజనమని నా అభిప్రాయం. 'లేదా' తరహా డైమను వాడవద్దన్నది మరొకటి. "ఓటరు కార్డు లేదా రేషను కార్డు" అంటే మనకు ఒకటి చాలు. ఆ గుర్తు ప్రకారం ఒకటైనా కావచ్చు, రెండూ కావచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చినది, గడిలో నామవాచకం కాక, దేన్ని ఏం చేయాలో క్రియతో రాయమన్న సూత్రం. 'పరిశీలన', 'ధ్రువీకరణ', 'ఆమోదం' — మన ఆఫీసు తెలుగుకు ఎంత ఇష్టమైన మాటలో! ఎవరు, దేన్ని అన్న ప్రశ్నలను ఎంత గౌరవంగా దాచేస్తాయో!

ఒకచోట ఉద్యోగంలో ఉండగా మరణించినవారి కుటుంబానికి పింఛను మంజూరు చేసే పటం నా చేతికి వచ్చింది. గుర్తులు వందకు పైగా. కింద అందరి సంతకాలూ ఉన్నాయి. నడుమ ఒక గడిలో 'పత్రాల ధ్రువీకరణ' అని ఉంది. దాన్ని "సీనియర్ అసిస్టెంటు మరణ ధ్రువపత్రంలోని పేరును సర్వీసు రిజిస్టరుతో సరిచూస్తారు" అని మార్చి చదివాను. ఆ సీటులో ఉన్నావిడ వెంటనే, "అది పై సెక్షనువాళ్ళు కదండీ చూసేది!" అన్నారు. పై సెక్షనువారు, కింద చూసే పంపిస్తారనుకుంటున్నారట.

అంతకన్నా ముఖ్యమైనది, ఆ గడి నుంచి 'లోపాలుంటే వెనక్కి' అన్న బాణం. అది మొదటి గుండ్రం దాకా పోయి ఆగింది. అక్కడ ఎవరూ లేరు. భర్త పోయిన మనిషి మళ్ళీ ఎప్పుడో ఆఫీసుకు వస్తే, అటెండరు చెప్పాలి, ఫైలు తిరిగొచ్చిందని. "లోపమేమిటో దరఖాస్తుదారుకు తెలపాలి" అని కొత్త గడి గీశాను. పటాన్ని సులభం చేయమని పిలిస్తే గడులు పెంచుతారేమిటని ఒక అధికారి విసుక్కున్నారు. పాత 'ధ్రువీకరణ' మాటే ఉంచితే బాగుండునని కూడా అన్నారు. ఎందుకు బాగుండునో సమావేశంలో అందరికీ తెలుసు.

కొత్త గడి ఎవరి వరుసలో ఉండాలన్న చర్చ రెండు సమావేశాలు నడిచింది. చివరకు సీనియర్ అసిస్టెంటు వరుసలోనే పెట్టారు. ఆవిడ కాదనలేదు. దరఖాస్తులో ఫోను నంబరు రాసుకునే చోటు లేదు, అదొకటి పెట్టించగలరా అని మాత్రం అడిగారు.