"మీకేంది వదినా, రిజర్వేషనుంది!"

ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే తల్లి పరిస్థితి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా మన చెవులు పక్కగదిలోనే ఉంటాయి. మా అమ్మాయి 2024లో ఎంసెట్ రాసింది. ఆ ఏడాది నుంచే దాని పేరు ఈఏపీసెట్ అయిందట గానీ, మా నల్లగొండ వాడకట్టులో అందరికీ అది ఎంసెట్టే. ర్యాంకు పదకొండు వేల చిల్లర వచ్చింది.

ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేసి నాలుగిళ్లకి పంచాను. పక్కింటావిడ గిన్నె అందుకుంటూ, "మీకేంది వదినా, రిజర్వేషనుంది. ఏ కాలేజీలనన్న వస్తది" అన్నది. ఆవిడ చెడ్డమనిషి కాదండీ. నాకు డెంగ్యూ వచ్చినప్పుడు పది రోజులు మా ఇంటికి జావ కాచి పంపింది. నవ్వుతూనే అన్నది. కానీ నా వెనకే గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది. ఆ రాత్రి అది పాయసం ముట్టలేదు.

మేము పద్మశాలీలం. బీసీ-బీ లో వస్తాం. మా వారు బట్టల దుకాణంలో జీతానికి ఉంటారు. మగ్గం మా మామగారితోనే ఆగిపోయింది. ఆ మాటని నేను రెండు రోజుల్లో మరిచిపోయాను. పిల్ల మరిచిపోలేదని వారం తర్వాత తెలిసింది.

కౌన్సెలింగుకి ముందు పిల్లలంతా ఒక పని చేస్తారు. కిందటి ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో 'లాస్ట్ ర్యాంకులు' అని జాబితా ఉంటుంది. ఓసీ, బీసీలో ఏ నుంచి ఈ దాకా, ఎస్సీ, ఎస్టీ, మళ్లీ ఒక్కోదాంట్లో అబ్బాయిలు, అమ్మాయిలు, ఇలా అడ్డంగా గళ్లుంటాయి. మన గడి చూసుకుని వస్తుందో రాదో లెక్కేసుకోవాలి. మా అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టి, మూడు గీతలు గీసి, 'వస్తది', 'రావచ్చు', 'రాదు' అని రాసుకుంది. గది ఊడుస్తూ ఆ పుస్తకం తెరిచి చూశాను. 'రాదు' కింద పేజీలు నిండిపోయాయి. నాకు అనుమానమొచ్చి జాబితాతో సరిపోల్చాను. (ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసయ్యానండీ, ఆ మాత్రం అర్థమవుతుంది.) పిల్ల అన్నిటికీ ఓసీ గడిలోని అంకెలే ఎక్కించింది. బీసీ-బీ గడి ఒక్కటి కూడా ఎక్కించలేదు!

అడిగితే, "నేను క్యాస్ట్ సర్టిఫికెట్ పెట్టనమ్మా. ఓసీల వస్తేనే నాది అనిపిస్తది" అన్నది.

కోప్పడదామనుకున్నాను. నోరు రాలేదు. మా పుట్టిల్లు పుట్టపాక. తేలియా రుమాళ్లకి పేరున్న ఊరు. మా అమ్మ ఆసు పోసేది. ఒక్క చీరకి తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలంటారు. అమ్మ ఎప్పుడూ లెక్కపెట్టలేదు గానీ, రాత్రి జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు, నేనే వేసేదాన్ని. మన ఉమ్మడి జిల్లావాడే చింతకింది మల్లేశం గారు తల్లి బాధ చూడలేక ఆసు యంత్రం చేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికే అమ్మ భుజం పోయింది. 1998లో నేను ఇంటర్ అయ్యాక ఎంసెట్ అప్లికేషను తెచ్చుకుంటే, నాన్న దాన్ని మడిచి సందుగలో పెట్టారు. కోచింగుకి హైదరాబాద్ పంపే డబ్బు లేదు. ఆ కాగితం ఆ పెట్టెలోనే ఉండిపోయింది. మరుసటి ఏడు నా పెళ్లి.

ఇదంతా పిల్లకి చెప్పాను. "ఆ సర్టిఫికెట్ మీద ఉన్నది మీ అమ్మమ్మ భుజమే" అన్నాను. అది ఏమీ అనలేదు. లేచి వెళ్లి మేడ మీద ఆరేసిన బట్టలు తెచ్చింది.

మా వారికి ఇలాంటివి చెప్పడం రాదు, లెక్కలు మాత్రం వచ్చు. కన్వీనర్ కోటా సీట్లు వందనుకుంటే బీసీ-బీ కి పది. ఓసీ అంటే ఒక కులానికి కాదు, అందరికీ తెరిచిన తలుపు. మంచి ర్యాంకు వచ్చిన బీసీ పిల్లకి ముందు ఆ తలుపులోనే చూస్తారు, అక్కడ దొరక్కపోతేనే ఈ పదిలో. అంటే సర్టిఫికెట్ పెట్టినంత మాత్రాన ఓపెన్ సీటుకి దూరం కారు. ఇది మీలో చాలామందికి తెలియదని నాకనిపిస్తుంది, నాకూ తెలియదు. పైగా మేం చూసిన కాలేజీల్లో ఓసీ గడికీ మా గడికీ తేడా కొన్ని వందల ర్యాంకులే. పక్కింటావిడ అనుకున్నంత పెద్ద నిచ్చెన కాదది.

అసలు గుండెపోటు ఫీజు దగ్గర. ప్రైవేటులో ఇంటర్ చదివిన మా పిల్లలాంటి బీసీలకి పదివేల లోపు ర్యాంకైతే ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది. దాటితే ఏడాదికి 35,000 వరకే. మేము దాటింది వెయ్యి చిల్లర! హైదరాబాదులో పేరున్న ప్రైవేటు కాలేజీ అంటే మిగతాది నాలుగేళ్లూ మేమే కట్టాలి. నా చేతి గాజులు రెండూ తూకం వేయించుకుని వచ్చాను కూడా. పేరెందుకు గానీ, ఒక కన్సల్టెన్సీవాళ్లు ఆప్షన్లు పెట్టిపెట్టడానికే 5,000 అడిగారు. ఇవ్వలేదు, మంచిపని చేశాం.

ఆ రోజుల్లోనే డల్లాస్ నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. వాళ్ల పక్కింట్లో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, ఆ పిల్లకి మంచి కాలేజీలో సీటొస్తే అక్కడా ఇదే మాటట! అక్కడ సీట్ల కోటాలు కుదరవని 1978లోనే వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల జాతిని కూడా ఒక అంశంగా చూసే పద్ధతి ఉండేది, 2023 జూన్‌లో దాన్నీ కొట్టేసింది. అక్కడ మనలా లాస్ట్ ర్యాంకుల జాబితా ఉండదట. వ్యాసాలు రాసి, ఎందుకు వచ్చిందో ఎందుకు రాలేదో తెలియక కూర్చోవాలట. మన గళ్ల జాబితానే నయమనిపించింది నాకు.

ఆప్షన్లు పెట్టే రాత్రి జగిత్యాల జేఎన్టీయూ కాలేజీ దగ్గర వాదన వచ్చింది. అది యూనివర్సిటీ కాలేజీ, ఫీజు మాకు అందేది. కానీ కిందటేడు లాస్ట్ ర్యాంకు మా పిల్ల ర్యాంకుకి కాస్త ముందే ఆగింది. "రాదు, తీసేస్తా" అంటుంది ఇది. ఇష్టమైనది పైన పెట్టుకుంటే, అది రాకపోయినా కిందివాటికి నష్టమేమీ లేదు. యంత్రం వరుసగా చూసుకుంటూ కిందికి వస్తుంది. భయపడి తీసేస్తేనే నష్టం. మీ పిల్లలు ఇలా తీసేస్తుంటే దయచేసి చెయ్యి పట్టుకోండి. నేను పట్టుకున్నాను.

మొదటి విడతలో రాలేదు. రెండో విడతలో వచ్చింది. అలాట్‌మెంట్ కాగితంలో పిల్ల కాలేజీ పేరు చూడలేదు, ముందు సీటు కేటగిరీ చూసింది. బీసీ-బీ గర్ల్స్ అని ఉంది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత తనే ఆ కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్లింది. నేను గోడ దగ్గర నిలబడి విన్నాను.

"అవును అత్తమ్మా, రిజర్వేషన్లనే వచ్చింది. జగిత్యాల."

"గంత దూరమా బిడ్డా! హాస్టల్ల తిండి ఎట్లుంటదో ఏమో" అంటూ ఆవిడ లోపలికెళ్లి రెండు కిలోల ఆవకాయ జాడీ తెచ్చింది. జాడీ ఇంకా మా అమ్మాయి దగ్గరే ఉంది. సెలవులకొచ్చినప్పుడు మళ్లీ నింపించుకుని పోతోంది.